రంగములో ఒక దినము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



దేశములు చూచు వేడుక గలవారికి మన కావ్యములలో ప్రవరుని మించిన ఉదాహరణము లేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమునందలి ఆ గృహస్థుడు, ఇంటికి వచ్చిన సిద్ధుడొసగిన పాదలేపమును కాళ్ళకు పూసికొని, క్షణములో హిమాలయమునకు పోయెను. కన్నులార చూచెను. తిరిగి రాబోవునప్పటికి మంచునీటిలో ఆ లేపము కరగిపోయినది. పోవుటకు దారి యుండెను, వచ్చుటకు లేకపోయెను. తుదకు అగ్నిదేవుడు కరుణించి ఇల్లు చేర్చెను గనుక ఆ కథ సుఖాంతమైనది. మన గోదావరీ మండలములో అట్టి కథలు అనేక గృహములయందు జరిగినవి. అందు పెక్కింటికి అగ్నిదేవుడు ప్రత్యక్షము కాలేదు. వారు పోయిన చోటికి మన పెద్దలు పెట్టిన పేరు రంగము. అనగా బర్మా దేశపు రంగూను నగరము.

నేటి ప్రసంగమునకు విషయము ఆ నగరమున ఒక దంపతులు గడపిన ఒక్క దినము. వారు ఈ కొత్తపేట ప్రాంతమువారే. తమ పేర్లు చెప్పవలదని వారు కోరియున్నారు. ఆ కోరిక మన్నింపదగినది.

ఆయన ఉపాధ్యాయ వృత్తినుండి విశ్రమించినవాడు. ఆమె గృహిణి. కలకత్తాలో ఉద్యోగము చేయు కుమారుడు టిక్కెట్లు కొనియియ్యగా, స్వభాను సంవత్సర పుష్యమాసమున, అనగా 2004 జనవరిలో, వారు కలకత్తా నుండి విమానమున రంగూను చేరిరి. 1989 నుండి ప్రభుత్వము ఆ నగరమును యాంగోన్ అనియు, దేశమును మయన్మార్ అనియు పిలుచుచున్నది. ఆనాటికింకను అదియే రాజధాని. 2005 నవంబరులో ప్రభుత్వము నేపిడా అను క్రొత్త నగరమునకు తరలిపోయినది.

నగరము చూచుటకు వారికి చిక్కినది ఒక్క పగలు. ఆయన చూడవలసిన స్థలములను వరుసగా వ్రాసికొని, ఒక్కొక్క దానికెదుట గంటలు, నిమిషములు వేసికొన్నాడు. ఆమె చేతిసంచిలో ఒక పాత పోస్టుకార్డు మాత్రమున్నది.

ఆ కార్డు కథ ముందుగా చెప్పవలెను. ఆమె తండ్రి రంగూను రేవులో బస్తాలు మోసిన కూలి. 1941 సంక్రాంతికి ఇంటికి వచ్చి, వేసవిలో మరల ఓడ యెక్కినాడు. అప్పటికి భార్య గర్భవతి. ఆ యేడు కార్తికమాసమున ఆయన యొద్దనుండి కార్డు వచ్చినది. వ్రాసినది మేస్త్రీ గుమాస్తా. అడుగున ఆయన వ్రేలిముద్ర. అందలి ముక్కలివి: తాను క్షేమము; మేస్త్రీ బాకీ తీరగనే వచ్చెదను; నీవు నీళ్ళాడిన తరువాత మగపిల్లవాడో ఆడపిల్లయో రెండు ముక్కలు వ్రాయించవలెను.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. మరుసటి నెలలో, సంక్రాంతికి నాలుగు దినముల ముందు, ఇక్కడ ఆడశిశువు జన్మించినది. జాబు వ్రాయించిరి. అది చేరలేదు. 1942 మార్చి 8వ తేదీన నగరము జపానువారి వశమైనది. ఆ మనుష్యుని సంగతి తెలియలేదు.

తల్లి ఆ కార్డును పెట్టెలో దాచినది. ఆమెకు చదువు రాదు. మనసు నిలువని దినమున దానిని కొంగున ముడివేసికొని, చదువు వచ్చినవారి గడపకు పోయి, మరియొకమారు చదివిపెట్టుడని వేడుకొనెడిది. కొందరు చదివిరి. కొందరు, ఎన్నిమారులు చదివించెదవమ్మా అని విసుగుకొనిరి. కుంకుమ తీసివేయుమని చెప్పిన పెద్దలకు ఆమె ఇచ్చిన ఉత్తరమొక్కటే: "చూసినవాళ్ళు ఎవరైనా వచ్చి చెప్పండి, తీసేస్తాను." చూచినవారెవరును రాలేదు. ఆమె కన్నుమూసిన దినమునను నుదుట కుంకుమ ఉండెను. కూతురు బడిలో అక్షరములు నేర్చిన తరువాత మొట్టమొదట కూడబలుకుకొని చదివినది ఆ కార్డే. అటుపిమ్మట తల్లి మరియొకరి గడప త్రొక్కలేదు.

ఇక రంగూనునకు మన మండలమునకు గల సంబంధము సంగ్రహముగా చెప్పవలసియున్నది. రామాయణమున సుగ్రీవుడు వానరులకు తూర్పుదిక్కు చెప్పునపుడే యవద్వీపమును పేర్కొన్నాడు. అశోకుని కాలమున సోణుడు, ఉత్తరుడు అను భిక్షువులు సువర్ణభూమికి పోయిరని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. తరువాతి కాలమున గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి ఓడలు ఆ తీరమునకు నడచినవి. బర్మాలో తెలుగువానికి కోరంగీ అను పేరు వచ్చుటకు కారణమిదియే. 1839 ఉప్పెనలో కోరంగి నశించిన తరువాత కాకినాడ ఆ స్థానము నాక్రమించినది. బ్రిటిషు ఇండియా కంపెనీవారి పొగయోడలు తీరమునకు దూరముగా నిలుచుచుండగా, జనము పడవలలో పోయి వాని నెక్కెడివారు.

ఒక విశేషము గమనింపదగినది. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది 1852లో. ఆంగ్లేయులు రంగూనును పట్టుకొన్నదియు 1852లోనే. ఇక్కడ ఆనకట్టవలన డెల్టా పండినది. అయినను భూమి లేనివానికి ఆ పంటలో భాగము లేదు. అక్కడ ఐరావతీ నది డెల్టాలో అడవులు కొట్టి వరి వేయగా, ఆ బియ్యము ప్రపంచమంతటికిని పోవలసివచ్చినది. మోయుటకు మనుష్యులు కావలసివచ్చిరి. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చును. ఓడ చార్జీ, తిండి, వడ్డీ ఆ లెక్కలో చేరును. కూలి ముందుగా మేస్త్రీ చేతికి వచ్చును. మిగిలినది కూలివాని చేతికి వచ్చును. పద్దు పుస్తకము మేస్త్రీయొద్ద, వ్రేలిముద్ర కూలివానిది. 1931 జనాభా లెక్కలలో రంగూను నగర జనులలో సగమునకు మించి భారతీయులు. దేశమంతటను తెలుగువారే లక్షకు పైగా నుండిరి.

దంపతులు తెల్లవారకముందే బయలుదేరిరి. వారికి దొరకిన కారు డ్రైవరు అక్కడనే పుట్టిన తెలుగువాడు. అతని తాత కళింగపట్నము ప్రాంతమునుండి పోయినవాడు. ఆమెను అప్పా అనియు, ఆయనను బావా అనియు మొదటి మాటలోనే పిలిచినాడు. మాటలో శ్రీకాకుళపు యాస చెడలేదు. నడుమనడుమ బర్మామాటలు దొర్లుచుండెను.

మొదటి స్థలము ష్వేడగాన్ పగోడా. సింగుత్తర అను గుట్టపై సుమారు 325 అడుగుల యెత్తున, బంగారు రేకులు తాపిన స్తూపమది. శిఖరమున 76 క్యారెట్ల వజ్రమున్నదందురు. తపస్సు, భల్లికుడు అను ఇద్దరు వర్తకులు బుద్ధదేవుని యొద్ద స్వీకరించిన ఎనిమిది కేశములు అందు నిక్షేపింపబడినవని వారి విశ్వాసము. పదునైదవ శతాబ్దమున షిన్‌సాబూ అను రాణి తన యెత్తు బంగారము తూచి ఇచ్చినదట. తులాభారము తెలిసిన మనవారికి ఆ కథ క్రొత్తది కాదు. మెట్ల క్రిందనే చెప్పులు విడిచి, తడిసిన చలువరాతిపై నడచునప్పుడు ఆమెకు పలివెల కొప్పులింగేశ్వరుని కోవెల ప్రాంగణము జ్ఞాపకము వచ్చినదట.

అక్కడ ఒక పెద్ద గంట యున్నది. దానిని 1779 ప్రాంతమున సింగూ రాజు పోతపోయించెను. 1825లో ఆంగ్లేయులు దానిని కలకత్తాకు తరలింపబోగా నదిలో మునిగిపోయినది. వారు లేవనెత్తలేకపోయిరి. బర్మావారు అనుజ్ఞ పొంది, వెదుళ్ళ సాయమున పైకితెచ్చి యథాస్థానమున చేర్చిరి. ఆయన ఈ సంగతి కాగితము చూచి చదువుచుండగా ఆమె, "మునిగింది కూడా తిరిగొచ్చిందన్నమాట," అని మాత్రమనెను.

స్తూపము చుట్టును వారములకు వేరువేరు పీఠములున్నవి. బుధవారమును రెండుగా విభజించుటచేత అవి ఎనిమిది. ఆదివారమునకు గరుడుడు, సోమవారమునకు పులి, మంగళవారమునకు సింహము, బుధవారము పూర్వాహ్ణమునకు దంతముల యేనుగు, అపరాహ్ణమునకు దంతములు లేని యేనుగు, గురువారమునకు మూషికము, శుక్రవారమునకు గినీపంది, శనివారమునకు నాగము. ఎవరు పుట్టిన వారము నాటి పీఠముకడ వారు విగ్రహమునకు నీళ్ళు పోయుదురు. ఆయనది బుధవారము సాయంకాలము. దంతములు లేని యేనుగు వచ్చినందుకు నవ్వుకొని, నీళ్ళు పోసినాడు. ఆమె తన వారమునకు పోసినది. ప్రక్కనున్న బర్మా ముదుసలి గిన్నె అందించి ఏమో అడిగినది. డ్రైవరు తెలుగు చేసి చెప్పినాడు: "మీ అమ్మా నాన్నలకు కూడా పోస్తావా అని అడుగుతోందప్పా."

తల్లి పుట్టిన వారము ఆమెకు తెలియును. తండ్రిది తెలియదు. చెప్పుటకు ఊరిలో ఎవరును మిగులలేదు. ఒక క్షణము నిలిచి, ఆమె గిన్నె తీసికొని ఎనిమిది పీఠములను వరుసగా చుట్టి, ఒక్కొక్కచోట ఒక్కొక్క గిన్నెడు నీళ్ళు పోసినది. ఆయన గడియారము చూచుకొనెను, ఏమియు అనలేదు.

పొద్దెక్కిన తరువాత వీధి అంగడిలో మొహింగా తినిరి. అది చేపలపులుసులో సన్నని బియ్యపు సేవ వేసి వడ్డించునది. పులుసులో ముక్కలను పరీక్షించి ఆమె, "ఇది అరటిదవ్వండీ, మన వంటే," అనెను. అంగడిపై పలకను చూచి ఆయన చదువబోయినాడు. గుండ్రని అక్షరములు తెలుగువలె తోచును, ఒక్కటియు పలుకదు. దక్షిణదేశపు లిపినుండియే వారి లిపియు పుట్టినదని చరిత్రకారులు నిర్ణయించిరి. అక్కచెల్లెండ్ర బిడ్డలవంటి లిపులవి. పోలిక కలదు, పలుకు వేరు.

పిమ్మట బహదూర్ షా సమాధికి పోయిరి. 1857 సంగ్రామానంతరము ఆంగ్లేయులు ఆ కడపటి మొగలు చక్రవర్తిని 1858లో రంగూనునకు తెచ్చి చెరయందుంచిరి. 1862 నవంబరు 7వ తేదీన ఆయన మరణించెను. గుర్తు మిగులకుండ పూడ్చి, పైన గడ్డి మొలవనిచ్చిరి. తరువాత కట్టిన కట్టడము ఉజ్జాయింపు స్థలమున కట్టినదే. 1991లో త్రవ్వకము జరుగుచుండగా ఇటుకలతో కట్టిన అసలు సమాధి బయటపడినది. ఆయన అచ్చట చాలసేపు నిలిచి, "ఢిల్లీ పాదుషాకే నూటముప్పై యేండ్లు జాడ లేకపోయిందే!" అనెను. ఆమె దానికి బదులు చెప్పలేదు గాని, ఆ మాట ఆమె మనసున నాటుకొన్నదని తరువాత చెప్పినది.

మధ్యాహ్నమునకు నగరమధ్యమందలి సూలే పగోడా, దాని చెంతనున్న ఉద్యానము, 1871లో తమిళ సోదరులు కట్టించిన కాళికాలయము చూచిరి. 1926లో కట్టిన స్కాటు మార్కెట్టులో, దానికిపుడు అంగ్ సాన్ పేరు పెట్టిరి, కెంపుల దుకాణములు చూచి ఏమియు కొనక వెలికివచ్చిరి. అంగ్ సాన్ ఆ దేశమునకు స్వాతంత్ర్యము సాధించిన నాయకుడు. 1947 జూలై 19వ తేదీన సహచరులతోగూడ హత్యకు గురియైనాడు. దేశము 1948 జనవరి 4వ తేదీన స్వతంత్రమైనది.

గంట మూడైనది. ఆయన జాబితాలో ఇంకను చెరువుగట్టు విహారము, వస్తు ప్రదర్శనశాల మిగిలియున్నవి. అప్పుడామె, "రేవుకి పోదామండి," అనెను.

"రేవులో చూసేందుకేముందే? బస్తాలు, తాళ్ళు," అని ఆయన అనెను.

"అవే చూడాలండి. వాటికోసమే వచ్చాను."

ఆయన కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను. ఆ దినమున ఆయన చేసిన మంచిపని అదియే యని ఆయనయే చెప్పుకొన్నాడు.

పెద్ద ఓడలు నిలుచు రేవులోనికి పరులకు ప్రవేశము లేదు. అందుచేత డ్రైవరు వారిని బొటటాంగ్ పగోడా ప్రక్కనున్న పడవల రేవునకు తీసికొనిపోయినాడు. ఆ పగోడా 1943 నవంబరులో మిత్రరాజ్యముల విమానములు రేవుపై వేసిన బాంబులచేత కూలిపోయి, యుద్ధానంతరము మరల కట్టబడినది. దాని యెదుటనే నది. ఒక పడవనుండి ఒడ్డునకు రెండు సన్నని బల్లలు వేసియున్నవి. కూలీలు బియ్యపు బస్తాలు మెడపై వేసికొని ఆ బల్లలపై దిగుచున్నారు. ఒడ్డున కూర్చున్న గుమాస్తా ఒక్కొక్క బస్తాకు ఒక్కొక్క పుల్ల అందించుచున్నాడు. సాయంకాలము పుల్లలు లెక్కించి కూలి యిత్తురు. చదువు రానివానికి అదియే పద్దు.

డ్రైవరు తన తాత చెప్పిన సంగతులు చెప్పినాడు. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. ఓడల యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగిరాగా బర్మావారి పని పోయినది. ఆ కోపమున కొట్లాట పుట్టి, నూరుగురికి మించి చనిపోయిరి. హతులలో అత్యధికులు భారతీయులే. "కూడు లేనోళ్ళు ఇద్దరూ కొట్టుకున్నారప్పా, లాభం మూడోవోడిది," అని అతడు ముగించినాడు. 1942లో లక్షల జనము నడచి స్వదేశమునకు బయలుదేరిరి. కొందరు ప్రోము మీదుగా అరకాను కొండలు దాటిరి. కొందరు తామూ మీదుగా మణిపురమునకు పోయిరి. కలరా, మలేరియా, ఆకలి, అలసట వేలమందిని దారిలోనే ఆపినవి. వారి పేర్ల జాబితా లేదు. ఓడలు ఆగిపోయిన దినముననే ఆ ప్రవరుల పాదలేపము కరగిపోయినది.

"మా నాన్న ఏ దారిన వెళ్ళాడంటావు తమ్ముడూ?" అని ఆమె అడిగెను.

అతడు చాలసేపు నదివంక చూచినాడు. "తెలీదప్పా. అబద్ధం సెప్పలేను," అనెను. ఆ మాటకు ఆమె అతనికి నమస్కరించినది. అరువదియేండ్లుగా ఆమె తల్లికి అందరును ఏదో యొకటి కల్పించి చెప్పిరి. తెలియదని చెప్పినవాడు ఇతడొక్కడే.

అప్పుడామె సంచిలోనుండి రెండు కార్డులు తీసినది. ఒకటి పాతది. రెండవది క్రొత్తది, రాత్రి బసలో కూర్చుండి తన చేతితో వ్రాసినది. భర్తకును చూపలేదు. నీటి అంచునకు పోయి, వినబడీ వినబడనట్లు చదివినది:

"నాన్నా, ఆడపిల్ల పుట్టింది. నేనే. అమ్మ నీ కార్డు చివరిదాకా దాచింది. కుంకుమ తీయలేదు. నీకు ఇద్దరు మనవలు, ఒక మనవరాలు. జవాబు ఆలస్యమైంది. ఈ ముక్కలు ఎవరిచేతా వ్రాయించలేదు, నేనే వ్రాశాను."

చదివి, క్రొత్త కార్డును నీటిలో విడిచినది. పోటు తగ్గి నది సముద్రమువైపు లాగుచున్నది. ఆ కార్డు పడవల నడుమ కొంతదూరము కనబడి, పిమ్మట కనబడలేదు. ఆయన ఆమె ప్రక్కకు వచ్చి నిలిచి, మామగారి గోత్రనామములు చెప్పి మూడు దోసిళ్ళ నీళ్ళు విడిచెను. బల్లపై దిగుచున్న కూలి ఒకడు వారివంక చూచి, బస్తా సరిచేసికొని తన దారిన పోయినాడు. తీరము వెంట దీపములు వెలుగుచుండగా వారు బసకు మరలిరి.

ఇది ఒక దినపు కథ. పాత కార్డు వారి యింట భద్రముగా నున్నది. దాని నకలును ఆమె తన దస్తూరితో వ్రాసి మన గ్రంథాలయమున కొసగినది.

సభ్యులారా! పంటలెక్కలు, శిస్తులెక్కలు, చేతులు మారిన భూముల లెక్కలు వ్రాయబడినవి. రంగమునకు పోయినవారి లెక్క ఏ గ్రామమునను వ్రాయబడలేదు. కాని అటకపైనున్న పెట్టెలలో కార్డులున్నవి, మనియార్డరు ముక్కలున్నవి, ఓడ టిక్కెట్లున్నవి. చెదలు వానిని చదువుచున్నది. మనము చదువుట లేదు. విన్నవారు తరలిపోవుచున్నారు. ఢిల్లీ చక్రవర్తి సమాధి త్రవ్వకములో దొరకినది. రేవుకూలీ జాడ దొరకుటకు త్రవ్వవలసిన చోటు మన అటకయే.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినప్పుడు పెద్దలు కోరినది, ఉత్తరము చదివించుకొనుటకు ఏ తల్లియు పరుల గడప త్రొక్కరాదనియే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఆ ఋణమును కొంత తీర్చినది. ఇకమీదట ప్రతి కుటుంబమువారును తమయొద్దనున్న రంగపు జాబుల నకళ్ళు తెచ్చి ఇచ్చినచో, వానినన్నిటిని ఒక్క పుస్తకముగా కుట్టి ఇచ్చట నిలుపవచ్చును. అసలు కాగితము మీ యింటనే యుండనిండు. పోయినవాని పేరు, ఊరు, పోయిన యేడు, తెలిసినంతవరకు చాలును. తెలియని చోట తెలియదని వ్రాయుడు, అదియు సత్యమే.

ఆ పుస్తకమున మొదటి పుటపై ఒక వ్రేలిముద్ర కార్డు నకలు, దాని క్రింద అరువదిరెండేండ్ల పిమ్మట వచ్చిన జవాబు ఇప్పటికే చేరియున్నవి. రెండవ పుట మీకొరకు ఖాళీగా నున్నది.

స్వస్తి.